వెయ్యి బీడీల కథ

మా ఇంట్లో కథలను కొలిచేది బీడీలతో. గంటలూ నిమిషాలూ మాకు తర్వాత వచ్చాయి. మా అమ్మమ్మ నర్సవ్వ ఆర్మూరులో నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, చుట్టూ మరో నలుగురు ఆడవాళ్ళు, మధ్యలో కథ. ఇరవై ఐదు బీడీలు కలిపి దారం చుడితే ఒక కట్ట. ఆ కట్ట అయ్యేలోపు ముగిసే చిన్న కథ కట్ట కథ. బయటివాళ్ళు కట్టుకథ అంటే అబద్ధం అనుకుంటారు. మా ఇంట్లో కట్ట కథ అంటే అన్నం ఉడికేలోపు అయిపోయేది అని అర్థం. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా నడిచేది వెయ్యి బీడీల కథ. అలాంటిది మా వంశం మొత్తానికి ఒకటే ఉంది. దాని పేరు ఎల్లి బొంత.

దాన్ని అమ్మమ్మకు వాళ్ళ అవ్వ, అంటే తల్లి, చెప్పింది. ఆవిడకు వాళ్ళ అవ్వ చెప్పింది. అంతకు ముందు ఎవరో చెప్పగలిగినవాళ్ళు బతికి లేరు. మాకు నగలు లేవు, భూమి లేదు, పాత ఫొటోలు కూడా లేవు. ఉన్నదల్లా ఎల్లి. అది చిన్న ఆస్తి అని మావాళ్ళెవరూ ఏనాడూ అనుకోలేదు. పెళ్ళిళ్ళలో ఎదుటివాళ్ళు తమ పొలాల గురించి చెప్పుకుంటుంటే, అమ్మమ్మ తన వెయ్యి బీడీల కథ గురించి చెప్పుకునేది.

కథ వినాలంటే ఒక షరతు ఉండేది. ఊ కొట్టాలి. "ఊ కొట్టు బిడ్డా. నువ్వు ఊ అనకపోతే ఎల్లి అడుగు ముందలికి ఎయ్యది" అనేది అమ్మమ్మ. ఊ ఆగితే ఆమె నోరు ఆగేది. చేతులు మాత్రం ఆగేవి కావు. ఊ అంటే ఒకటే కూత అనుకునేవాళ్ళు కథలు వినలేదన్నమాట. భయపడ్డ ఊ వేరు, ఆత్రం ఊ వేరు, "నాకు తెలుసులే" అనే ఊ వేరు, నిద్ర ముంచుకొచ్చినవాళ్ళ ఊ వేరు. ఈ చివరిదాన్ని అమ్మమ్మ చూడకుండానే పట్టేసేది. కథ ముగిశాక అందరూ దాన్ని కంచికి పంపేస్తారు. మావాళ్ళు ఏ ఊరికీ పంపేవారు కాదు. "కథ నీకు, ఊ నాకు" అని చాట దులిపేవారు. కథ నీకిచ్చాను, నీ ఊలు నేను తీసుకున్నాను, చెల్లుకు చెల్లు అని.

నేను ఏనాడూ వెయ్యి బీడీలు దాటలేదు. ఎనిమిది వందల దగ్గర నాకు నిద్ర వచ్చేది. ముసురు పట్టిన మధ్యాహ్నాలు బొంత కప్పుకొని అమ్మమ్మ పక్కనే పడుకొని వినేదాన్ని. నిద్రలో ఎవరో నా కాలి బొటనవేలు పట్టి గుంజినట్టుండేది. కళ్ళు తెరిచేసరికి ఆడవాళ్ళందరూ నవ్వుతూ చాటలు దులుపుకుంటుండేవారు. కథ అయిపోయి ఉండేది. ఆఖరు చెప్పమని ఏడిస్తే, "పండుకున్నోళ్ళకు ఆఖరు లేదు" అనేది అమ్మమ్మ. ఆ ఒక్క విషయంలో ఆమెకు జాలి లేదు.

అలా సగం కథ విన్న పిల్లలు ఏమవుతారు? శాస్త్రవేత్తలవుతారు. నేను మెదడు గురించి చదువుకొని హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చేరాను. మనుషుల తలల్లో కథలు ఎక్కడ ఉంటాయో తెలుసుకోవడం నా పని. ఇంతకంటే నాకు తగిన పని ఈ భూమ్మీద లేదు.

మేం తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద ఒక పొడుగు పేరుంది. మేం మాత్రం గంటె అనేవాళ్ళం. చూడడానికి తల మీద బోర్లించిన గంటెలా ఉండేది. చేసే పనీ అదే. మనిషి దేన్నయినా గుర్తుచేసుకున్నప్పుడు ఆ జ్ఞాపకం, పేరుకున్న నెయ్యి సెగకు కరిగినట్టు, కాసేపు కరుగుతుంది. తలుచుకోవడం అయ్యాక మళ్ళీ పేరుకుంటుంది. ఆ కాసేపట్లో గంటె దాన్ని తోడి ఇంకొకరి తలలో పోస్తుంది. పోసుకున్నవాళ్ళకు అది తాము విన్నట్టే, తమకు జరిగినట్టే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. తోడినచోట మళ్ళీ పేరుకోవడానికి ఏమీ మిగలదు. ఇచ్చినవాళ్ళకు ఇక అది లేదు.

అప్పటికి పదకొండు మందితో చేసి చూశాం. ఒక పెద్దాయన తనకు తెలిసిన మందుచెట్ల పేర్లన్నీ మనవరాలికి పోశాడు. బయటికొచ్చి, ప్రయోగశాల ముందున్న వేపచెట్టును చూసి, "ఇదేం చెట్టమ్మా?" అన్నాడు. మనవరాలు చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి మేమూ ధైర్యం తెచ్చుకున్నాం.

ఆ ఏడాది అమ్మమ్మకు డెబ్బై ఆరు నిండాయి. ఎల్లి ఇల్లిల్లూ తిరిగే ఆ కథ చెబుతూ మూడో ఇంటిదాకా వచ్చి, మళ్ళీ మొదటి ఇంటికి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. తనకు తెలియకుండానే. డాక్టరు పరీక్షలు చేసి, ఆరు నెలల్లో పెద్ద కథలేవీ మిగలవని చెప్పాడు. ఆమెతో కూర్చొని బీడీలు చుట్టిన ఆడవాళ్ళందరూ ఎప్పుడో పోయారు, ఎల్లి కథ పూర్తిగా తెలిసినవాళ్ళు ఆమె తప్ప లోకంలో ఎవరూ లేరు. మా అమ్మ జమున ఆర్టీసీ కండక్టరు. పొద్దున పోతే సాయంత్రం వచ్చేది, వెయ్యి బీడీలు ఏనాడూ కూర్చోలేదు. కథ నా దగ్గరికి రావాలి, లేదా పోవాలి. నా దగ్గర గంటె ఉంది.

సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు.

"నెత్తి మీద గంటె పెట్టి కథ తోడుతరా? ఆమె మనిషా, పప్పు గిన్నెనా?" అంది.

అమ్మమ్మ నవ్వింది. "ఎట్లన్న పోయేదే గద జమునా. దొంగ ఎత్తుకపోయేదాని కన్న బిడ్డకిచ్చుడు మంచిది గాదా?"

"ఇచ్చినంక నీకు యాదికుండదట అవ్వా. ఒక్క ముక్క కూడ." అమ్మ తన తల్లిని అవ్వా అనే పిలుస్తుంది.

"నాకు యాదికుండకపోతే ఏంది? దాని దగ్గరుంటది గద. పోయి అడుక్కుంట."

అమ్మ ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించింది. తర్వాత నావైపు తిరిగింది. "సరే. మరి ఆడ ఊ ఎవరు కొడ్తరు?"

"ఎవ్వరూ కొట్టరమ్మా. చిన్న చప్పుడైనా రీడింగ్ పాడైతది. అందరం ఊకోవాలె."

"ఊకుంటే కథెట్ల నడుస్తదే? బస్సుల నేను రైట్ రైట్ అనకపోతే డ్రైవర్ బండి తీస్తడా?"

"అమ్మా, ఇది బస్సు గాదు" అన్నాను. పెద్ద చదువులు చదివిన బిడ్డ అంత చదువుకోని తల్లితో మాట్లాడే గొంతు ఒకటుంటుంది. ఆ గొంతుతోనే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రయోగం రోజు అమ్మమ్మ గద్వాల చీర కట్టుకొని వచ్చింది. చాట కూడా తెచ్చుకుంది. చేతులు కదిలితే రీడింగ్ చెదురుతుందని చాటను బయటే పెట్టించాం. గది తలుపు మీద "నిశ్శబ్దం" అని బోర్డు. మా పెద్ద డాక్టర్ ఇమ్మానుయేలు గారు ఆమెకు నమస్కారం పెట్టి, "భయమేమీ లేదమ్మా, మీరు మామూలుగా చెప్పుకుంటూ పోండి" అన్నారు. "నాకు భయమెందుకయ్యా, నీ మిషనే భయపడాలె. పెద్ద కథ" అంది అమ్మమ్మ.

అద్దం ఇవతల నేను. అద్దం అవతల ఆమె ఒక్కతే, తల మీద గంటె.

"ఎల్లి అని ఒక పోరి ఉండెనట" అంది. ఆగింది. అద్దంవైపు చూసింది.

నా గొంతులో ఊ లేచింది. మింగేశాను.

ఆమె ఇంకాసేపు చూసింది. పెదాలు ఒకసారి ముడిచి విప్పింది. తర్వాత, "ఆ ఊరి రాజుకు ఏడేండ్ల సంది నిద్ర లేదట" అంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ పెదాలు ముడిచి విప్పింది. దాహమేస్తుందేమో అనుకున్నాను. నీళ్ళు పంపుదామంటే నిశ్శబ్దం బోర్డు ఉందాయె. అలా, చాట లేక, నవ్వేవాళ్ళు లేక, పొద్దంతా నడిచే కథ మూడున్నర గంటల్లో అయిపోయింది. చివరికి గంటె మీద పచ్చదీపం వెలిగింది. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

నేను లోపలికి వెళ్ళి గంటె తీశాను. ఆమె జుట్టు సరిచేశాను.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది అమ్మమ్మా."

"ఏం జెప్పిన?"

"ఎల్లి కథ."

"ఎల్లి ఎవలే?" అంది.

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పదకొండు మంది దగ్గర విన్నాను. పన్నెండోసారి మాత్రం ఆమె ముఖం మీంచి కళ్ళు తిప్పుకొని గంటె తీగలు చుట్టాను. అయినా, రేపు నేనే చెబుతాను కదా అని సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున గంటె కింద నేను కూర్చున్నాను. కళ్ళు మూసుకోగానే ఎల్లి వచ్చింది. నల్లటి పోరి, భుజాన సంచి, పళ్ళ మధ్య సూది. రాజుకు నిద్ర పట్టించే బొంత కుట్టడానికి బయలుదేరింది. ఇంటింటికీ పోయి ఒక్కో గుడ్డపేలిక అడుగుతుంది. ఆ పేలిక కథ కూడా చెప్పమంటుంది. కుమ్మరి ఇంటి గడప కనిపించింది. ఆ వెంటనే ఎల్లి గుట్ట దిగుతూ కనిపించింది. గుట్ట ఎప్పుడు ఎక్కింది? ఒక కుక్క. ఎవరి కుక్క? వాన తల దువ్వుతున్న ఒక ముసలమ్మ. ఆమె పేలిక ఇచ్చిందా, తిట్టి పంపిందా? బొంత పూర్తయింది, మధ్యలో అరచేయంత బొక్క తప్ప. ఆ బొక్కకు ఏ గుడ్డ వేసినా తెల్లారేసరికి కుట్లు ఊడిపోతున్నాయి. అప్పుడు ఎల్లి...

అంతే. పచ్చదీపం ఆరిపోయింది.

నాలుగు వందల పన్నెండు చోట్ల తెగింది. తెగిన ప్రతిచోటా ఒక ముక్క లేదు. యంత్రంలో లోపం వెతుకుతూ రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు అమ్మమ్మ వీడియో పెట్టుకొని చూస్తుంటే ఆమె పెదాలు ముడిచి విప్పినప్పుడల్లా తెగినట్టు తేలింది. చప్పుడు పెంచాను. గొంతు లోపల, పెదాలు దాటకుండా, చిన్నగా వినిపించింది.

ఊ.

ఎవరూ ఊ కొట్టకపోతే అమ్మమ్మ తనకు తానే కొట్టుకుంది. ప్రతి ఊ తన వెనక వచ్చే ముక్కను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. గంటెలో ఒక వడపోత ఉంది. అర్థం లేని కూతలను చెత్త కింద తీసేయాలని. దగ్గు, తుమ్ము, మూలుగు, ఊ, ఆవలింత. ఊ పోయినప్పుడల్లా దాని చెయ్యి పట్టుకొని వచ్చిన ముక్కా పోయింది. ముందు పదకొండు మందీ చెప్పింది మందుచెట్లూ వంటలూ లెక్కలూ కాబట్టి ఎవరికీ ఊ అవసరం రాలేదు, మాకు తప్పు తెలియలేదు.

ఆ జాబితా రాసింది ఎవరు? నేను. తుమ్ముకూ ఆవలింతకూ మధ్యలో ఊను ఇరికించింది, ఊ కొట్టకపోతే ఎల్లి కదలదని పాలతోపాటు తాగి పెరిగిన నేను. వేరే ఏ దేశంవాడు చేసినా వాడికేం తెలుసులే అనుకోవచ్చు. నన్ను నేను ఏమని తిట్టుకోవాలో తెలియలేదు.

ఇమ్మానుయేలు గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మళ్ళీ ఒకసారి కూర్చోబెడదామా చందనా ఆవిణ్ణి?"

"ఏం మిగిలిందని సార్ కూర్చోబెట్టడానికి?"

"అవును. అవునమ్మా." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొని, "తీసిన ముక్కలతోనే మిగతాది ఊహించొచ్చేమో. ఎల్లి తన చీరచెంగు చింపి ఆ బొక్కకు కుట్టేసుంటుంది. అన్ని కథల్లో అంతేగా, ఆడపిల్ల తనదేదో ఇచ్చేస్తుంది" అన్నారు.

నాకూ అలాగే అనిపించింది. కానీ అనిపించడం వేరు, వినడం వేరు.

"సోమవారం ఇంకో ముగ్గురు వస్తున్నారు సార్. రానివ్వకండి."

"రానివ్వను. మనం చేసింది తప్పు. రిపోర్టులో కూడా తప్పు అనే రాద్దాం, ఇంకో మాట వెతకొద్దు" అన్నారు. ఆ మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అమ్మమ్మకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఆర్మూరు వెళ్ళి అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. టికెట్ మిషన్ బ్యాగులో సర్దుకుంటూ, "నేను రైట్ అనకముందే బండి తీసినవ్ బిడ్డా" అంది, అంతే. డ్యూటీకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. అమ్మమ్మ బాగానే ఉంది. తింటుంది, నవ్వుతుంది, నా పెళ్ళి మాట ఎత్తుతుంది. ఆ రోగం తన పని తాను చేసుకుపోతున్నా మనుషులను ఇంకా గుర్తుపడుతూనే ఉంది. కానీ ఒకసారి అన్నం తింటూ ఆగింది.

"నోట్లె పన్ను ఊడితే నాలుక ఊకె ఆడికే పోతది సూడు. గట్లున్నది నాకు. ఏదో ఊడింది. ఏం ఊడిందో తెల్వదు."

"ఏమనిపిస్తుంది అమ్మమ్మా?"

"మా అవ్వ గొంతు ఎట్లుండేనో మతికస్తలేదే. మొఖం అస్తుంది. నోరు ఆడుతుంది. గొంతు మాత్రం అస్తలేదు."

అప్పుడు తెలిసింది నేను ఏం తోడానో. వాళ్ళ అవ్వ గొంతు ఆమె దగ్గర ఉన్నది ఒక్క ఆ కథలోనే. ఎల్లి పోయినప్పుడు ఆ గొంతూ వెంట పోయింది. నేను లేచి వెళ్ళి బావి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

శ్రావణం మొదట్లో ముసురు పట్టింది. మూడు రోజులుగా తెరిపి లేదు. పొద్దున చాయలు తాగాక అమ్మమ్మ గోడకు చేరగిలబడి చాట ఒళ్ళో పెట్టుకుంది. బీడీల కార్ఖానా మూతపడి ఏళ్ళయింది. తునికాకు లేదు. పాత క్యాలెండర్ కాగితాలు కత్తెరతో ఆకు కొలతకు కోసి, తంబాకు లేకుండానే చుట్టి, దారం కట్టి పక్కన పడేస్తోంది. చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి. నేను ఎదురుగా బొంత కప్పుకొని కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. అమ్మకు ఆ రోజు వీక్లీ ఆఫ్. గుమ్మం దగ్గర కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఊకె కూసున్నవేందే? ఏదన్న జెప్పు" అంది అమ్మమ్మ.

చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే. అదీ ముక్కలు. అదీ ఆమె దగ్గర దొంగిలించింది. అయినా అడిగింది ఆమె.

"ఎల్లి అని ఒక పోరి ఉండెనట" అన్నాను.

"ఊ" అంది అమ్మమ్మ.

మామూలు ఊ. ఎవరైనా అనే ఊ. కానీ నా లోపల ఏదో కదిలింది.

"ఆ ఊరి రాజుకు ఏడేండ్ల సంది నిద్ర లేదట."

"ఊ?" ఇది ప్రశ్న. అయితే ఏం చేశాడు అని. నాకు పోసిన ముక్కల్లో తర్వాత ఎల్లి పళ్ళ మధ్య సూదితో నడుస్తోంది. ఆ ఊ మాత్రం ముందు ఇంకేదో ఉందంటోంది. ఏముంది? వైద్యులు. అవును, వైద్యులు! ఒకడు చెవిలో నూనె పోశాడు, ఒకడు వెయ్యి గొర్రెలను లెక్కపెట్టించాడు, రాజు గొర్రెల పేర్లన్నీ అడిగి కూర్చున్నాడు. ఇది గంటె పోసింది కాదు. చిన్నప్పుడు విన్నది. నా లోపల ఎక్కడో అడుగున పడి ఉంది. చెప్పాను. "ఊ" అంది అమ్మమ్మ, తృప్తిగా.

అమ్మ చేతిలో బియ్యం ఆగింది.

అలా నడిచాం. కుమ్మరి ఇంటికి వెళ్ళాం. తర్వాత కుక్క ఉన్న ఇల్లు. "ఎల్లిని చూసి కుక్క మొరిగిందట" అన్నాను.

ఊ రాలేదు. అమ్మమ్మ చేతిలో కాగితం బీడీ సగంలో ఆగింది. చేతులు ఆగడం నేను ఏనాడూ చూడలేదు. ఆమె ముఖంలో అయోమయం. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు.

"మొరగలేదట" అన్నాను నెమ్మదిగా. "ఎన్నడూ మొరగని కుక్కనట అది."

"ఊఁ!" చేతులు మళ్ళీ తిరిగాయి.

శాస్త్రవేత్తనన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మేం తోడింది చెప్పడాన్ని. వినడాన్ని తోడలేదు. నాలుగేళ్ళ నర్సవ్వ తన అవ్వ పక్కన కూర్చొని కొట్టిన ఊలు వేరేచోట ఉన్నాయి. బీడీ చుట్టే వేళ్ళ పక్కన, నడక పక్కన, లోపల చాలా లోతున. గంటెకు అందని చోట, రోగం అన్నిటికంటే చివర వెళ్ళే చోట. కథలో మాట ఒక్కటీ ఆమెకు తెలియదు. ఎక్కడ భయపడాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తప్పో తెలుసు. చెప్పేవాళ్ళు పట్టుకొచ్చేది సగం కథేనని, మిగతా సగం ఎప్పుడూ వినేవాళ్ళ దగ్గరే ఉందని మా అమ్మకు తెలుసు. కండక్టర్లందరికీ తెలుసు. పీహెచ్‌డీ చేసిన నాకు తెలియలేదు.

ఎన్నో చోట్ల తప్పు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఊ రాలేదు. వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టాను. గుట్ట మీద వాన తల దువ్వే ముసలమ్మ పేలిక ఇవ్వలేదు, దువ్వెనలో మిగిలిన మబ్బుపోగు ఇచ్చింది. అది చెప్పినప్పుడు అమ్మమ్మ ఊ ఎంత మెత్తగా ఉందంటే అమ్మ చీరకొంగు కళ్ళకు అద్దుకుంది. చాట పక్కన కాగితం బీడీలు గుట్టగా పడ్డాయి. నా గొంతు ఎండిపోయింది. అమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చి, పోకుండా అక్కడే కూర్చుంది.

ఆఖరుకు బొంత పూర్తయింది. మధ్యలో అరచేయంత బొక్క. ఏ గుడ్డ వేసినా నిలవడం లేదు. పొద్దున తీసుకుపోకపోతే రాజు తల తీయిస్తాడు. ఇక్కడికి వచ్చేసరికి నేను ఎప్పుడూ నిద్రలో ఉండేదాన్ని. గంటె కూడా ఇక్కడే ఆగిపోయింది.

"అప్పుడు ఎల్లి తన చెంగు చింపి కుట్టిందట" అన్నాను.

ఊ లేదు.

"తన జుట్టు కోసి, పోగులు చేసి కుట్టిందట."

ఊ లేదు. చేతులు ఆగాయి.

ఏం చేసి ఉంటుంది? పేలిక లేదు, దారం లేదు, పొద్దు లేదు. ఇవ్వడానికి ఎల్లి దగ్గర ఇంకేమీ లేదు. అంటే...

"ఆ బొక్క... గట్లనే ఉంచిందట" అన్నాను.

"ఊఁఊఁ" అంది అమ్మమ్మ. ఆ ఊలో నవ్వుంది. గొంతు దాకా వచ్చి పెదాల మీద ఆగిన నవ్వు. ఇది ఏడుపు ఆఖరు కాదు! అందరం త్యాగం కోసం వెతుకుతున్నాం, ఇది నవ్వే ఆఖరు. నవ్వు దేనికి?

అప్పుడు అమ్మమ్మ చెయ్యి చాట మీంచి లేచింది. ఎక్కడికి పోతుందో దానికే తెలిసినట్టు నేరుగా వచ్చి, బొంత చివర బయటికున్న నా కాలి బొటనవేలు పట్టుకొని ఒక్క గుంజు గుంజింది.

నేను అరిచాను. తర్వాత నవ్వాను. నవ్వుతూనే చెప్పాను.

"రాజు బొంత కప్పుకున్నడట. ఉక్కపోసి అటు దొర్లిండట, ఇటు దొర్లిండట. దొర్లంగ దొర్లంగ కాలు ఆ బొక్కల కెళ్ళి బయట పడ్డదట. సల్లగాలి తాకిందట. అంతే, గుర్రు పెట్టిండట! ఏడేండ్ల సంది పట్టుబట్టల మీద పట్టుబట్టలు కప్పుతున్నరు గని, కాలు బయట పెట్టుకోమని ఒక్కడు చెప్పలేదట రాజుకు!"

అమ్మమ్మ కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. అమ్మ గుమ్మానికి ఆనుకొని నవ్వింది. "యాభై ఐదేండ్లు అచ్చినయి నాకు, ఇదా ఆఖరు?" అంది. ముసురులో నలుగురూ వినేలా ముగ్గురం నవ్వాం. చాట పక్కన కాగితం బీడీలు అమ్మ లెక్కపెట్టింది. వెయ్యికి నాలుగు తక్కువ.

కథ ముగిసింది కాబట్టి నేను మాట పూర్తిచేయాలి. "కథ నీకు..." అన్నాను. ఆమెకు కథ ఎలా ఇవ్వను? రేపటికి ఉండదు. తీసుకుందే నేను.

అమ్మమ్మ చాట దులిపింది. "కథ నువ్వే ఉంచుకో బిడ్డా. నేనేం జేసుకుంట. ఊలు నా దగ్గర మస్తున్నయి" అంది. వాన వైపు చూస్తూ, "నువ్వు జెప్తుంటే మా అవ్వ చెప్పినట్టే ఉన్నదే" అంది.

ఇప్పుడు మా ప్రయోగశాలలో తలుపు మీద "నిశ్శబ్దం" బోర్డు లేదు. ఇమ్మానుయేలు గారే తీయించి, "ఊ కొట్టండి" అని కొత్తది పెట్టించారు. గంటె ఇంకా ఉంది, దాని మీద నాకు కోపం లేదు. మందుచెట్ల పేర్లు తోడుకోండి, వద్దనను. కథ మాత్రం ఎవరైనా తెస్తే ముందు ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెడతాం. ఆ మనిషి వెయ్యి బీడీలసేపు ఊ కొట్టాలి. చాలాసార్లు ఆ తర్వాత గంటె అవసరమే రావడం లేదు. మా అమ్మ రిటైరయ్యాక ఆ పనికి వస్తానంటోంది. ఆమెకంటే బాగా ఆ పని చేసేవాళ్ళు దొరకరని నా నమ్మకం.

ఎల్లి కథకు ఆఖరు దొరికిన మర్నాడు కూడా ముసురే. చాయ తాగాక అమ్మమ్మ చాట ఒళ్ళో పెట్టుకుంది. నేను బొంత కప్పుకొని, కాళ్ళు మాత్రం బయటికి చాపుకొని కూర్చున్నాను.

"ఏదన్న జెప్పరాదే" అంది.

"ఎల్లి కథ చెప్పనా?"

"ఎల్లి ఎవలే?" అంది, ఆత్రంగా, నాలుగేళ్ళ పిల్ల అడిగినట్టు.

ఈసారి నేను కళ్ళు తిప్పుకోలేదు. "ఎల్లి అని ఒక పోరి ఉండెనట" అన్నాను.

"ఊ" అంది మా అమ్మమ్మ.